పళ్లెం ఎవరి మూతికి సరిపోతుంది? వైవిధ్యం, సమన్యాయం, సమ్మిళితం అనే మాటల గురించి

నక్క కొంగను విందుకు పిలిచిన కథ అందరం చిన్నప్పుడే విన్నాం. నక్క చదును పళ్లెంలో వడ్డించి, తన వాటా గబగబా నాకేసింది. కొంగ పొడవాటి ముక్కుకు చుక్క అందలేదు. మర్నాడు కొంగ వంతు వచ్చింది. మూతి సన్నని కూజాలో వడ్డించి లెక్క సరిచేసింది. "పిలిచాను, పెట్టాను, తినకపోతే తప్పు నాదా?" అని నక్కా అనగలదు, కొంగా అనగలదు.

ఈ కథ 1971 మార్చి 8న అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కింది. వ్యాజ్యం నార్త్ కరోలినాలోని డ్యూక్ పవర్ కంపెనీ విద్యుత్ కేంద్రానికి సంబంధించినది. అక్కడ నల్లజాతి కార్మికులకు చాలాకాలం దక్కింది కూలిపనుల విభాగం ఒక్కటే. ఆ విభాగంలో అందరికంటే ఎక్కువ జీతం కూడా మిగతా నాలుగు విభాగాల్లోని అతి తక్కువ జీతాన్ని అందుకునేది కాదు. ఉద్యోగాల్లో జాతివివక్షను నిషేధించే చట్టం 1965 జులై 2న అమల్లోకి వచ్చింది. మంచి విభాగాల్లోకి వెళ్లాలంటే హైస్కూలు చదువు పూర్తిచేసి ఉండాలన్న నిబంధన అప్పటికే ఉంది. చట్టం అమల్లోకి వచ్చిన రోజునే, కొత్తగా చేరేవారు రెండు రాతపరీక్షలు కూడా నెగ్గాలని కంపెనీ చెప్పింది. ఎక్కడా రంగు ప్రస్తావన లేదు. తెల్లవారికీ నల్లవారికీ అదే నిబంధన, అవే ప్రశ్నలు.

అయితే 1960 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో హైస్కూలు పూర్తిచేసినవారు తెల్లజాతి పురుషుల్లో 34 శాతం, నల్లజాతి పురుషుల్లో 12 శాతం. పిల్లలను రంగును బట్టి వేరు బడుల్లో, నాసిరకం బడుల్లో కూర్చోబెట్టిన కాలం అది. మరో సంగతి కూడా కోర్టు గమనించింది. నిబంధన రాకముందు చేరిన తెల్లవారు ఆ చదువు లేకుండానే అవే పనులు నిక్షేపంగా చేసుకుపోతున్నారు. అంటే పరీక్షకూ పనికీ పొంతన లేదు. నక్కకూ కొంగకూ ఒకేలా పాలు ఇవ్వజూపితే సమానావకాశం అయిపోదనీ, ఆ పాలు పోసిన పాత్ర అందరూ వాడుకోగలిగేదై ఉండాలనీ ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ రాశారు. తీర్పు ఏకగ్రీవం. పరీక్షలు పెట్టవద్దని ఆయన అనలేదు, పెట్టే పరీక్షకు పనితో సంబంధం ఉందని చూపించమన్నారు.

దీన్నే ఇప్పుడు పరోక్ష వివక్ష అంటున్నారు. పైకి అందరికీ ఒకటే నియమం, ఆచరణలో కొందరికే గోడ. ఇక్కడ చూసేది ఉద్దేశాన్ని కాదు, ఫలితాన్ని. "మా మనసులో అలాంటిదేమీ లేదు" అన్న జవాబు నిజమే కావచ్చు. అయినా గోడ గోడలాగే ఉంటుంది.

వైవిధ్యం, సమన్యాయం, సమ్మిళితం. ఇంగ్లిషు మాటల తొలి అక్షరాలు కలిపి డీఈఐ అని పిలిచే ఈ మూడింటినీ, వాటి వెంట వచ్చే మరో ఇరవై మాటలనూ నిర్వచనాలుగా చదివితే అన్నీ ఒకేలా మెత్తగా వినిపిస్తాయి. కాసేపటికి నిద్ర వస్తుంది. నిజానికి ఒక్కో మాటా ఒక్కో చోట, కళ్లెదుటి అన్యాయానికి పేరు దొరకక ఇబ్బందిపడినవాళ్లు కూర్చుకున్నది. ఆ చోటు తెలిస్తే మాట తెలిసినట్టే.

నాకు వీటితో పరిచయం అనువాదం వల్ల కలిగింది. ఒక సంస్థ తన ఉద్యోగుల శిక్షణకు తయారుచేసిన చిన్న పుస్తకాన్ని తెలుగు చేయమంది. నలభై పేజీలే కదా అని ఒప్పుకున్నాను. మొదటి పేజీలోనే 'ఈక్విటీ' అడ్డం పడింది. తెలుగు పత్రికల్లో ఆ మాట కనిపించేది షేర్ మార్కెట్ వార్తల్లో. సమానత్వం అందామంటే పక్కనే 'ఈక్వాలిటీ' ఉంది, రెండూ వేరని చెప్పడానికే ఆ పేజీ పుట్టింది. 'సమత' వినసొంపుగా ఉంటుంది కానీ నిఘంటువులో అది సమానత్వానికి పర్యాయపదమే. చివరికి 'సమన్యాయం' అని రాశాను. అదీ అతుకే. చట్టం ముందు సమన్యాయం అన్నామంటే మళ్లీ అందరికీ ఒకే కొలత అన్న అర్థమే వస్తుంది. ఇంతకంటే మంచి మాట దొరికేదాకా దీనితోనే నెట్టుకొద్దాం.

వైవిధ్యం మూడింటిలోకీ తేలిక. ఈ గదిలో ఎవరెవరు ఉన్నారు అన్న ప్రశ్నకు జవాబు అది. స్త్రీలు, పురుషులు, జాతులు, కులాలు, మతాలు, భాషలు, వయసులు, వైకల్యాలు, పెరిగిన ఆర్థిక స్థితిగతులు, వీటిలో కొన్ని చూడగానే తెలుస్తాయి, చాలావరకు తెలియవు. తలలు లెక్కపెడితే చాలు కాబట్టి సంస్థలకు ఇదంటే మక్కువ ఎక్కువ. ఒక చిన్న వాడుక దోషాన్ని మాత్రం పట్టుకోవాలి. వైవిధ్యం గుంపుకు ఉండే లక్షణం, మనిషికి ఉండేది కాదు. "మా బృందంలోకి ఒక వైవిధ్య అభ్యర్థిని తీసుకున్నాం" అనేవారుంటారు. ఒక్క మనిషి వైవిధ్యం ఎలా అవుతాడు? అలా అన్నప్పుడు మిగిలినవారు మామూలు మనుషులనీ, వచ్చినవాడు మినహాయింపనీ ఒప్పుకున్నట్టే.

ఈ మాటకు చట్టంలో బలం వచ్చింది 1978లో. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల నూరు సీట్లలో పదహారింటిని అల్పసంఖ్యాక వర్గాలకు కేటాయించింది. సీటు రాని అలన్ బాకీ అనే తెల్లజాతి అభ్యర్థి కోర్టుకెక్కారు. అలా సంఖ్య కట్టి కేటాయించడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ తరగతిలో భిన్న నేపథ్యాల విద్యార్థులు ఉండటం చదువుకే మేలు కాబట్టి, ఎంపికలో జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడవచ్చని న్యాయమూర్తి లూయిస్ పావెల్ దారి చూపారు. పాత అన్యాయాన్ని సరిదిద్దడం అనే వాదన అలా వెనక్కి వెళ్లి, వైవిధ్యం వల్ల అందరికీ లాభం అనే వాదన ముందుకొచ్చింది. కంపెనీల ప్రకటనల్లో ఆ మాట అంత తియ్యగా, ఎవరినీ నొప్పించకుండా ఉండటానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ దారిని కూడా అదే కోర్టు 2023 జూన్ 29న, హార్వర్డ్ ప్రవేశాల వ్యాజ్యంలో దాదాపుగా మూసేసింది.

తలల లెక్కతో సరిపెడితే ఏమవుతుందో 1977లోనే సామాజిక శాస్త్రవేత్త రోజాబెత్ మాస్ కాంటర్ వివరించారు. ఒక పెద్ద కంపెనీలో, పురుషుల మధ్య ఒకరో ఇద్దరో ఉన్న మహిళా ఉద్యోగులను గమనించి ఆమె చెప్పింది ఇది: గుంపులో ఒక రకం వారు పదిహేను శాతం దాటకపోతే వారిని మనుషులుగా కాక నమూనాలుగా చూస్తారు. వాళ్ల చిన్న తప్పు కూడా అందరి కంటా పడుతుంది. ఆ తప్పు వాళ్లది కాక వాళ్ల జాతి మొత్తానిది అవుతుంది. తెలుగులో దీనికి ఎప్పటినుంచో మంచి మాట ఉంది, మొక్కుబడి. మొక్కుబడి ప్రాతినిధ్యం అంటే ఇంకేమీ వివరించనక్కర్లేదు.

ఇక సమానత్వానికీ సమన్యాయానికీ తేడా. దీనికి ప్రపంచమంతా తిరిగిన బొమ్మ ఒకటుంది. కంచె వెనుక ముగ్గురు నిలబడి ఆట చూస్తుంటారు, ఒకరు పొడుగు, ఒకరు మధ్యరకం, ఒకరు పొట్టి. ముగ్గురికీ తలా ఒక పెట్టె ఇస్తే సమానత్వం, పొడుగాయన పెట్టె తీసి పొట్టివాడికి ఇస్తే సమన్యాయం. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో వ్యాపార శాస్త్రం బోధించే క్రెయిగ్ ఫ్రోల్ 2012లో ఒక రాజకీయ వాదనలో తన మాట చెప్పడానికి దాన్ని తయారుచేశారు. తర్వాత ఎవరెవరో మార్చి, పెంచి, కంచె తీసేసి, ఎన్నో రూపాలు పుట్టించారు. చూడగానే అర్థమయ్యే బొమ్మే, కానీ నాకు మొదటినుంచీ గిట్టదు. లోపం మనిషి ఎత్తులో ఉందన్నట్టు చెబుతుంది. చాలాచోట్ల మనుషులు పొట్టివాళ్లు కారు, వాళ్ల కాళ్ల కింద నేలే గొయ్యి.

కుర్చీ ఉదాహరణ నాకు నచ్చుతుంది. పరీక్ష హాళ్లలో కుడిచేతి వైపు రాతబల్ల అతికించి ఉన్న కుర్చీలుంటాయి. అందరికీ అదే కుర్చీ ఇస్తే సమానత్వం. ఎడమచేతివాటం విద్యార్థి మూడు గంటలు నడుం మెలితిప్పుకుని రాస్తాడు, మార్కులు తక్కువొస్తే సరిగ్గా చదవలేదంటారు. ఎడమవైపు బల్ల ఉన్న కుర్చీ తెచ్చి ఇస్తే సమన్యాయం. అతనికి అదనంగా దక్కింది ఏమీ లేదు, మిగతావారికి అడగకుండానే దొరికింది ఇతనికి అడిగితే దొరికింది. ఇక మామూలు బల్లలే వేస్తే ఎవరి చేతివాటం ఏమిటన్న ప్రశ్నే రాదు. ఈ మూడోదానికి సార్వజనీన రూపకల్పన అని పేరు. చిన్నప్పుడు పోలియో సోకి చక్రాల కుర్చీలో తిరిగిన అమెరికన్ వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు.

సమన్యాయం అంటే అందరికీ ఒకే ఫలితం రావాలనడమే కదా అని విమర్శించేవారున్నారు. కొన్ని సంస్థలు చెప్పే తీరు చూస్తే వారి అనుమానం ఊరికే పుట్టింది కాదు. లక్ష్యాలన్నీ శాతాల్లో పెట్టి, దారి సంగతి వదిలేస్తే అలాగే వినిపిస్తుంది. కానీ కుర్చీ మార్చినంత మాత్రాన ఎడమచేతి విద్యార్థికి నూటికి నూరు రావాలని ఎవరూ అనలేదు. ఎవరెంత తెలివైనవారో తేల్చే కొలబద్ద వంకరగా ఉండకూడదన్నంతే. కుర్చీ సరిచేశాక కూడా తేడా మిగిలితే దాన్నేం చేయాలన్నది వేరే ప్రశ్న, నిజంగా కష్టమైన ప్రశ్న. ఒక మాటలో తేలదు.

ఇక్కడే మరో గందరగోళం ఉంది. అఫర్మేటివ్ యాక్షన్‌ను రిజర్వేషన్ అని అనువదించడం తెలుగులో అలవాటైంది. రిజర్వేషన్ దానిలో ఒక రకం మాత్రమే. 1961లో అధ్యక్షుడు కెనడీ ఉత్తర్వులో ఆ మాట వచ్చినప్పుడు చెప్పింది, ప్రభుత్వ కాంట్రాక్టులు పొందిన సంస్థలు వివక్ష చూపకుండా ఊరుకుంటే చాలదు, వివక్ష జరగకుండా చూడటానికి చొరవ తీసుకోవాలని. మామూలుగా కబురు చేరని చోట్ల కూడా ఉద్యోగ ప్రకటన వేయడం, శిక్షణ ఇవ్వడం, నియామకాల లెక్కలు బయటపెట్టడం, అన్నీ ఆ చొరవలోకే వస్తాయి. సీట్ల సంఖ్య కట్టడం ఆ వరుసలో చివరి మెట్టు. దాన్ని కొన్ని దేశాల రాజ్యాంగాలు అనుమతిస్తాయి, కొన్ని అనుమతించవు.

మూడో మాట సమ్మిళితం. దీన్ని నేను పుస్తకంలోనుంచి నేర్చుకోలేదు. ఆ అనువాదం పనిలో సంస్థ తరఫున నాతో మాట్లాడిన ఉద్యోగినికి వినికిడి చాలా తక్కువ. ఎదుటివారి పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటారు. వారానికోసారి ఆన్‌లైన్ సమావేశం జరిగేది, ఎనిమిది మందిమి. మొదటి అయిదు నిమిషాలు అందరి ముఖాలూ కనిపించేవి. తర్వాత ఒక్కొక్కరే కెమెరా ఆపేసేవారు, తెర మీద పేర్లు మాత్రం మిగిలేవి. ఇద్దరు ఒకేసారి మాట్లాడేవారు, ఎవరో చతురు విసిరేవారు, నవ్వులు. ఆవిడ కూడా నవ్వేవారు, కాకపోతే అర క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యం నాకు మూడో వారానికి గాని కంటపడలేదు. ఒక రోజు సమావేశం అయ్యాక సందేశం పెట్టారు: "ఏడో పేజీ గురించి ఏం నిర్ణయించారో కాస్త రాసి పంపుతారా?" ఏడో పేజీ ఆవిడ బాధ్యతే.

లెక్క ప్రకారం ఆవిడ ఆ గదిలో ఉన్నారు, కాబట్టి వైవిధ్యం ఉంది. అందరికీ వచ్చిన లింకే ఆవిడకూ వచ్చింది, కాబట్టి సమానత్వమూ ఉంది. కానీ ఏడో పేజీ ఆవిడ లేకుండానే తేలిపోయింది. సమ్మిళితం అంటే నిర్ణయం జరిగే క్షణంలో మనిషి అందులో ఉండటం. మాట్లాడేవారు కెమెరా పెట్టుకోవాలి, ఒకరి తర్వాత ఒకరే మాట్లాడాలి, మాటలు తెర మీద అక్షరాల్లో రావాలి అని మూడు నియమాలు పెట్టుకున్నాం. ఖర్చేమీ కాలేదు. రెండు వారాలకు, రద్దీలో ప్రయాణిస్తూ సమావేశంలో చేరే మరో సభ్యుడు ఆ అక్షరాలు చదివే సంభాషణ అందుకుంటున్నానని చెప్పారు.

అలా ఒకరి కోసం చేసిన ఏర్పాటు ఊరందరికీ అక్కరకు రావడం కొత్తేమీ కాదు. కాలిబాట అంచును రోడ్డులోకి వాలుగా దించే పద్ధతి యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం 1940లలో మిషిగన్‌లోని కలమజూలో మొదలైంది. 1970లలో బర్క్‌లీలో వికలాంగుల ఉద్యమం దాన్ని హక్కుగా అడిగింది. ఇప్పుడు ఆ వాలును ఎక్కువగా వాడేది పిల్లల బండి తోసేవారు, చక్రాల పెట్టెలు లాగే ప్రయాణికులు, సరుకులు దించేవారు.

మూడు నియమాలు అన్నాను కదా, అలాంటి వాటిని చట్టభాషలో సహేతుకమైన సర్దుబాటు అంటారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ప్రకారం, మితిమీరిన భారం కాని సర్దుబాటును నిరాకరించడమే వివక్ష. దాని వెనుక ఒక పెద్ద మలుపు ఉంది. వైకల్యం శరీరంలో ఉందా, బయట ఉందా? 1976లో బ్రిటన్‌లో వికలాంగులే నడిపిన ఒక సంఘం ఈ రెండింటినీ విడదీసింది. కాలు కదలకపోవడం శరీర లోపం, మెట్లు తప్ప దారి లేని భవనం కట్టడం సమాజం కల్పించిన వైకల్యం. బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త మైక్ ఆలివర్ 1983లో దీనికి సామాజిక నమూనా అని పేరు పెట్టారు. నొప్పి, అలసట లాంటివి ఏ భవనం మార్చినా పోవు కదా అని వికలాంగుల్లోనే కొందరు తర్వాత అభ్యంతరం చెప్పారు, అదీ న్యాయమే. దివ్యాంగులు లాంటి పూలమాలల్లాంటి పదాలు ఆ మెట్ల సంగతి తేల్చవు. ఆ పదం మీద వికలాంగుల సంఘాలే ఎన్నో అభ్యంతరం చెప్పాయి. నేను పుస్తకంలో వికలాంగులు అనే రాశాను.

అన్నిటికంటే జడిపించే మాట ఇంటర్‌సెక్షనాలిటీ. దీన్ని తెలుగులో చెప్పడం నిజానికి తేలిక, కూడలి ఉందిగా. వివక్షల కూడలి.

సెయింట్ లూయిస్‌లో జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి మహిళలు వేసిన వ్యాజ్యం ఇది, తీర్పు 1976లో వచ్చింది. 1964కు ముందు కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చి, ఆఖరున చేరినవారిని ముందు తీసేయాలన్న సీనియారిటీ సూత్రంతో కోత పెట్టినప్పుడు, 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలంతా పోయారు. ఆలస్యంగా చేరడం వారి తప్పా? తలుపు తీసిందే ఆలస్యంగా. కోర్టు ఏమంది? కంపెనీ అంతకుముందు నుంచీ స్త్రీలను తీసుకుంటూనే ఉంది కాబట్టి లింగవివక్ష లేదంది. ఆ స్త్రీలంతా తెల్లవారు. జాతివివక్ష సంగతైతే, అదే కంపెనీ మీద నడుస్తున్న మరో జాతివివక్ష వ్యాజ్యంలో కలవమంది. నల్లజాతి స్త్రీ అనే కొత్త తరగతిని సృష్టించి రెండు రక్షణలూ కలిపి అడగడం కుదరదంది. స్త్రీల వరుసలో నిలబడితే తెల్లజాతి స్త్రీల అనుభవం కొలబద్ద, నల్లవారి వరుసలో నిలబడితే పురుషుల అనుభవం కొలబద్ద. వీళ్లు నిలబడే వరుస ఏది?

న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లే క్రెన్‌షా 1989లో ఈ తీర్పునే ముందుపెట్టుకుని ఆ మాటను ప్రయోగించారు. నాలుగు దారుల కూడలిలో నిలబడిన మనిషికి ప్రమాదం ఏ దారిలోంచి వచ్చిన బండి వల్లనైనా జరగవచ్చు, ఒక్కోసారి అన్ని దిక్కులా వచ్చిన బండ్ల వల్ల జరగవచ్చు అని ఆమె పోలిక. ఏ బండి గుద్దిందో తేల్చి చెబితేనే వైద్యం చేస్తామంటే ఎలా? తర్వాతి కాలంలో ఈ మాటను ఎవరికి ఎన్ని కష్టాలున్నాయో కూడే ఎక్కంలా వాడటం మొదలైంది. స్త్రీ అయితే ఒకటి, నల్లవారైతే రెండు, అంటూ. క్రెన్‌షా చెప్పింది కూడిక గురించి కాదు. రెండు దారుల్నీ విడివిడిగా చూస్తే అసలు కనిపించని గాయం గురించి.

కనిపించకపోవడం ఎలా ఉంటుందో అంకెల్లో చూపించిన పని 2018లో వచ్చింది. ముఖం ఫొటో చూసి స్త్రీయో పురుషుడో చెప్పే మూడు వాణిజ్య కంప్యూటర్ వ్యవస్థలను జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు పరీక్షించారు. మొత్తం మీద చూస్తే మూడూ మంచి మార్కులే తెచ్చుకున్నాయి. తెల్లని చర్మం గల పురుషుల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్లని చర్మం గల స్త్రీల దగ్గరికి వచ్చేసరికి ఒక వ్యవస్థలో అవి 34.7 శాతానికి చేరాయి. ప్రతి ముగ్గురిలో ఒకరిని తప్పు పోల్చిందన్నమాట. స్త్రీలు, పురుషులు అని మాత్రమే విడదీసి ఉంటే, లేదా చర్మం రంగును బట్టి మాత్రమే విడదీసి ఉంటే ఆ అంకె సగటులో కరిగిపోయేది. రెండు గీతలు కలిసే గడిలోనే అది దాక్కుంది.

తెలియని పక్షపాతం అనే మాట గురించి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు బోస్టన్, షికాగో పత్రికల్లోని ఉద్యోగ ప్రకటనలకు దాదాపు అయిదు వేల కల్పిత దరఖాస్తులు పంపారు. అర్హతల్లో తేడా లేదు, పేర్లలోనే తేడా. తెల్లవారి పేరున్న దరఖాస్తులు పది పంపితే ఒక పిలుపు వచ్చింది, నల్లవారివని వినిపించే పేర్లకు అదే ఒక్క పిలుపు కోసం పదిహేను పంపాల్సి వచ్చింది. ఆ దరఖాస్తులు పక్కన పడేసినవారిలో "నేను జాతివాదిని" అని ఒప్పుకునేవారు ఎందరుంటారు? పక్షపాతం ఉంది, కానీ మనిషి దాన్ని ఎరగడు, లేదా ఎరగనట్టు ఉంటాడు.

ఇంతవరకు గట్టి నేల. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మీటలు నొక్కే వేగాన్ని బట్టి ఈ దాగిన మొగ్గును కొలిచే పరీక్ష తయారుచేశాక కథ మారింది. దాన్ని లక్షలాది మందికి పంచారు, దాని చుట్టూ శిక్షణ వ్యాపారమే పుట్టింది. తీరా చూస్తే ఒకే మనిషి వేర్వేరు రోజుల్లో రాస్తే వేర్వేరు ఫలితాలు వస్తున్నాయనీ, ఫలితాన్ని బట్టి ఆ మనిషి నడవడిని ఊహించడం చాలా బలహీనంగానే కుదురుతోందనీ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. తప్పనిసరి శిక్షణ తరగతుల వల్ల మేనేజర్ పదవుల్లో స్త్రీల, అల్పసంఖ్యాకుల వాటా పెరగలేదని ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు చూపించారు. ఫలానా పని ఫలానా వారి బాధ్యత అని అప్పగించడం, కొత్తవారికి పెద్దలను మార్గదర్శకులుగా జతచేయడం అంతకంటే పనిచేశాయట. నా మటుకు నాకు, మనసు కడగడం కంటే దరఖాస్తు మీద పేరు కప్పడం సులువు.

సూటిపోటి మాటలు అనే జంట తెలుగులో ఉండటం వల్ల మైక్రోఅగ్రెషన్ అనగానే అదే రాయాలనిపించింది. ఆగాను. సూటిపోటి మాటల్లో అనేవాడికి ఉద్దేశం ఉంటుంది, అందులోనే వాడి ఆనందం. హార్వర్డ్ మానసిక వైద్యుడు చెస్టర్ పియర్స్ 1970లో ఈ మాట కల్పించింది, అనేవారికి తెలియకుండానే జరిగిపోయే చిన్నచూపులను కూడా కలిపి చెప్పడానికి. "అది సరే, అసలు మీది ఏ దేశం?" అని అక్కడే పుట్టి పెరిగిన మనిషిని అడగడం లాంటివి. అడిగినవారికి అది మొదటిసారి, విన్నవారికి అయిదువందలోసారి. చీమకాటు లాంటిది అని రాశాను చివరికి. ఒక చీమ కుట్టిందని ఏడిస్తే నవ్వుతారు, రోజూ కుడుతుంటే తెలుస్తుంది. ప్రతి మాటనూ ఈ సంచిలో వేసి సంభాషణే భయంగా మార్చారన్న విమర్శలోనూ పస ఉంది.

ప్రివిలేజ్ అనే మాటకు ఎక్కువ కోపాలు వస్తాయి. "నేనూ కష్టపడే పైకొచ్చాను" అంటారు. నిజమే కావచ్చు. తెల్లజాతి వారికి అడగకుండా దక్కే సౌకర్యాల మీద 1988లో అమెరికన్ రచయిత్రి పెగీ మెకింటోష్ రాసిన జాబితాలో ఒక చిన్న అంశం నాకు గుర్తుండిపోయింది. చర్మం రంగు బ్యాండేజీ అని అమ్మేది తన చర్మం రంగుకు దాదాపుగా సరిపోతుందట. దానివల్ల ఆమె ధనవంతురాలు కాలేదు, కష్టం తగ్గలేదు. ఆ సంగతి ఆలోచించే అవసరం మాత్రం ఎన్నడూ రాలేదు. కుడిచేతివాటం వారు రాతబల్ల గురించి ఆలోచించనట్టు. అయాచిత సౌలభ్యం అని దీన్ని అంటే కోపం కొంత తగ్గుతుందేమో.

లింగానికి సంబంధించిన పదాలు తెలుగులో మరింత చిక్కు. శరీర నిర్మాణానికీ, సమాజం కట్టబెట్టిన స్త్రీపురుష పాత్రలకీ, వ్యాకరణానికీ మనకున్నది ఒకటే మాట. అందుకే రెండోదానికి జెండర్ అనే వాడేస్తున్నారు, నేనూ అదే చేశాను. జెండర్ గుర్తింపు అంటే తాను ఎవరని మనిషి అనుకుంటున్నారో అది. లైంగిక మొగ్గు అంటే ఎవరి పట్ల ఆకర్షణ కలుగుతుందో అది. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం అన్నిటికంటే తరచుగా కనిపించే పొరపాటు. ట్రాన్స్ మహిళ అన్నంత మాత్రాన ఆమె ఎవరిని ఇష్టపడుతుందో తెలియదు.

సర్వనామాల గొడవ ఇంగ్లిషు వాళ్లదని నవ్వేవారు మన వ్యాకరణం తిరగేయాలి. అతను వచ్చాడు. ఆమె వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. ఏకవచనంలో పురుషుడు మహత్తు, అంటే పై తరగతి, స్త్రీ క్రియ పశువులతో, వస్తువులతో కలిసిపోతుంది. బహువచనంలోకి వెళ్లాకే "వాళ్లు వచ్చారు" అని మనుషుల్లో చేరుతుంది. గౌరవం కోసం "వారు వచ్చారు" అంటే ఎవరైనా ఒకటే. అంటే ఆడో మగో చెప్పనక్కరలేని సర్వనామం మనకు ముందే ఉంది, మర్యాద పేరుతో.

చివరగా ప్రతిభ. ప్రతిభాస్వామ్యం, అంటే ప్రతిభను బట్టే అవకాశాలిచ్చే 'మెరిటోక్రసీ' ఉంటే ఇవేవీ అక్కరలేదు కదా అని అడిగేవారికి ఆ మాట చరిత్ర తెలిస్తే సరదాగా ఉంటుంది. బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త మైకేల్ యంగ్ 1958లో దాన్ని ప్రచారంలోకి తెచ్చింది వెక్కిరింతగా. తెలివిని కొలిచి మనుషులను పేర్చిన భవిష్యత్ సమాజంలో పైవాళ్లకు అహంకారమూ, కిందివాళ్లకు అవమానమూ ఎలా పెరుగుతాయో చూపే వ్యంగ్య రచన అది. జనం దాన్ని ఆదర్శంగా పట్టుకున్నారు. 2001లో ఆయనే పత్రికలో రాసి మొత్తుకున్నారు. డ్యూక్ పవర్ కంపెనీ కూడా తాము చూస్తున్నది ప్రతిభనే అంది.

2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రభుత్వ శాఖల్లో డీఈఐ కార్యక్రమాలన్నీ ఆపమని ఉత్తర్వులిచ్చారు. 1965 నాటి అఫర్మేటివ్ యాక్షన్ ఉత్తర్వునూ రద్దు చేశారు. చాలా కంపెనీలు ఆ విభాగాల పేర్లు మార్చేశాయి. పేరు పోతే పని పోతుందా, పని ఎప్పుడూ లేక పేరే ఉండేదా అన్నది ఒక్కో చోట ఒక్కో జవాబు.

నేను తెలుగు చేసిన పుస్తకం అచ్చుకు వెళ్లలేదు. ఎవరూ చదవరని దాన్ని ఇరవై నిమిషాల వీడియోగా మార్చారు. చక్కని గొంతు, వెనుక మెల్లని సంగీతం, తెర మీద నవ్వుతున్న రకరకాల మనుషుల బొమ్మలు. సమ్మిళితం మీద అయిదు నిమిషాలున్నాయి. విడుదలైన రోజు సాయంత్రం ఏడో పేజీ ఆవిడ దగ్గరనుంచి సందేశం వచ్చింది. "వీడియో బాగుందని అందరూ అంటున్నారు. దాంట్లో అక్షరాలు రావడం లేదు. మీ దగ్గరున్న తెలుగు ప్రతి పంపుతారా?"

పంపాను.